పాజిటివ్ మనిషికి పాజిటివ్ మనిషే తోడు: పీర్ సపోర్ట్ పని ఎలా చేయాలి

హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ వరండాలో బల్లమీద కూర్చున్నవాళ్ళలో కొత్తవాళ్ళెవరో, పాతవాళ్ళెవరో చూడగానే తెలిసిపోతుంది. పాతవాళ్ళు పక్కవాళ్ళతో మిరపకాయల రేటు గురించి మాట్లాడుకుంటుంటారు. కొత్తవాళ్ళు కొంగో తువ్వాలో ముఖానికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంటారు. ఆ గోడవైపు తిరిగిన మనిషి మూడు నెలల తర్వాత కూడా మందులకి వస్తున్నారా లేదా? పీర్‌గా, అంటే అదే జబ్బుతో ఉండి తోటివాళ్ళకి తోడు నిలిచే మనిషిగా, మన పనంతా దాదాపు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

నా సంగతి 2009లో కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో బయటపడింది. ఆ తర్వాత రెండేళ్ళకి ఈ పనిలోకి వచ్చాను. కోస్తా జిల్లాల్లో తిరుగుతూ నేర్చుకున్నదీ, తప్పులు చేసి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. కేర్ సపోర్ట్ సెంటర్లో అవుట్‌రీచ్ వర్కర్‌గా చేరినవాళ్ళకీ, ఏఆర్‌టీ సెంటర్లో కేర్ కోఆర్డినేటర్‌గా చేరినవాళ్ళకీ, జీతం లేకుండా పాజిటివ్ నెట్‌వర్క్‌లో తిరిగేవాళ్ళకీ ఇది పనికొస్తుంది. ట్రైనింగ్‌లో జబ్బు గురించి బాగానే చెబుతారు. ఫోన్ గురించి, గుమ్మం గురించి, మాత్రల సీసా చప్పుడు గురించి చెప్పరు. నేను ఎక్కువగా వాటి గురించే రాస్తాను.

మొదటి అడుగు: ముందు మీ సంగతి చూసుకోండి

పరీక్షలో తెలిసిన నెల రెండు నెలల్లోనే "నేనూ నలుగురికి చెబుతాను" అని ఉత్సాహంగా వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళని కాస్త ఆగమంటాను. ఎదుటి మనిషి ఏడుపు చూసి మన పాత గాయం రేగితే ఇద్దరం కలిసి ఏడుస్తూ కూర్చుంటాం. మీ మందులు సక్రమంగా సాగుతూ, వైరల్ లోడ్ (రక్తంలో ఉన్న వైరస్ లెక్క) అదుపులోకి వచ్చి, మీ ఇంట్లో ఎవరికి తెలుసో ఎవరికి తెలియదో మీకొక స్పష్టత వచ్చాక మొదలుపెట్టండి.

ఇంకో సంగతి. మీరు పాజిటివ్ అని మీ ఊళ్ళో తెలిసిపోతే, మీరు ఎవరి ఇంటిముందు ఆగితే వాళ్ళకీ అదే ఉందని ఊరు అనుకుంటుంది. ఈ లెక్క ముందే వేసుకోవాలి. నన్ను గుర్తుపట్టే వీధుల్లోకి నేను వెళ్ళను. వేరే పీర్‌ని పంపిస్తాను, లేకపోతే వాళ్ళనే బయట కలుస్తాను.

రెండో అడుగు: మొదటి పది నిమిషాలు

కౌన్సిలర్ గదిలోంచి మనిషి బయటికొచ్చారు. చేతిలో రిపోర్టు ఉంది. మీరు వెళ్ళి పక్కన కూర్చుంటారు, ఎదురుగా కాదు. వయసుని బట్టి అక్కా, అన్నా, అమ్మా, బాబూ అని పిలవండి. పేరు పెట్టి పిలవొద్దు. వరండాలో పేరు గట్టిగా వినబడటమే చాలామందికి భయం.

నేను అనే మాట ఇంతే: "అక్కా, నేనూ ఇక్కడే మందులు తీసుకుంటాను. చాలా ఏళ్ళయింది. మీరు మంచినీళ్ళు తాగారా?" తర్వాత ఊరుకుంటాను. ఆ ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మొదట్లో ఒకావిడకి నా పెళ్ళి దగ్గర్నుంచి మొత్తం కథ అరగంట చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, చివర్లో "పాపం, మీకు చాలా కష్టాలమ్మా" అని నన్నే ఓదార్చి బస్సెక్కి వెళ్ళిపోయింది. తన మాట ఒక్కటీ చెప్పలేదు. మళ్ళీ నా దగ్గరకి రాలేదు. మన కథ రెండు వాక్యాలు దాటకూడదు. అడిగితే ఇంకో రెండు.

ఆ రోజు చెప్పాల్సినవి మూడే. ఇది మందులతో అదుపులో ఉండే జబ్బు. మందులు ఉచితం. ఇంటికెళ్ళి ఎవరికైనా చెప్పాలో వద్దో ఈ రోజే తేల్చుకోనక్కర్లేదు. సీడీ4 (ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే కణాల లెక్క), వైరల్ లోడ్, మందుల లైన్లు ఇవన్నీ ఆ రోజు చెబితే చెవికెక్కవు.

"మీలాంటివాళ్ళు లక్షల్లో ఉన్నారు" అనే మాట వల్ల ఓదార్పు రాదని నా అనుభవం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనాల్లో దేశం మొత్తమ్మీద సుమారు 24 లక్షల మంది ఉన్నారు. మహారాష్ట్ర తర్వాత ఎక్కువమంది ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే, మూడు లక్షల పైచిలుకు. ఇవి మీటింగులో చెప్పుకోవడానికి పనికొస్తాయి. గోడవైపు తిరిగి కూర్చున్న మనిషికి మాత్రం, ఎర్రగా బుర్రగా ఉన్న ఒక మనిషి "నాకూ ఉంది" అనడమే కనబడే సాక్ష్యం.

అడగకూడని ప్రశ్న ఒకటుంది: "ఎలా వచ్చింది?" దాంతో మనకి పనిలేదు. వాళ్ళే చెబితే వినండి. భార్యాభర్తల్లో ఎవరివల్ల ఎవరికి వచ్చిందని తీర్పు చెప్పే పంచాయతీలోకి దిగొద్దు. ముందు పరీక్ష చేయించుకున్నవాళ్ళకి ముందు తెలుస్తుంది, అంతమాత్రాన ముందు వచ్చింది వాళ్ళకేనని కాదు. మన దగ్గర ఆడవాళ్ళకి కడుపుతో ఉన్నప్పుడే పరీక్ష చేస్తారు కాబట్టి ముందు బయటపడేది వాళ్ళదే, నింద పడేదీ వాళ్ళమీదే.

గల్ఫ్ మెడికల్‌లో బయటపడినవాళ్ళ సంగతి వేరు. గోదావరి జిల్లాల్నుంచీ, కడప నుంచీ, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచీ వెళ్ళేవాళ్ళకి వీసా కోసం పరీక్ష తప్పనిసరి. పాజిటివ్ అయితే "అన్‌ఫిట్" అన్న ఒక్క మాటతో పంపేస్తారు. ఏజెంటుకి కట్టిన అప్పు, ఇంట్లో చెప్పలేని కారణం, జబ్బు, మూడూ ఒకేసారి మీదపడతాయి. వాళ్ళతో ముందు అప్పు గురించి మాట్లాడండి. అది వాళ్ళు మాట్లాడగలిగే విషయం. తర్వాత ఐసీటీసీకి, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రానికి తీసుకెళ్ళి పద్ధతి ప్రకారం మళ్ళీ పరీక్ష చేయించండి. అక్కడ మూడు రకాల కిట్లతో చూసిగానీ పాజిటివ్ అని చెప్పరు.

మూడో అడుగు: ఫోన్ ఒప్పందం

అదే రోజు, వాళ్ళు వెళ్ళేలోపు, ఇది తేల్చుకోవాలి. చాలా ఇళ్ళలో ఫోన్ ఒక్కటే ఉంటుంది. లేదా భార్య ఫోన్ భర్త చూస్తాడు, తల్లి ఫోన్ కొడుకు చూస్తాడు. నేను పనిలో చేరిన కొత్తలో ఒకమ్మాయికి ఫోన్ చేస్తే అత్తగారు ఎత్తింది. "మందుల సెంటర్ నుంచి మాట్లాడుతున్నా" అనేశాను. ఆ ఒక్క మాట వల్ల ఆ అమ్మాయి రెండు నెలలు పుట్టింట్లో ఉండాల్సి వచ్చింది. దాన్ని మరిచిపోవడం నావల్ల కాలేదు.

అందుకని ఇప్పుడు వీటన్నిటికీ వాళ్ళ చేతే జవాబు చెప్పిస్తాను: ఏ టైములో చేయాలి, నన్ను ఏ పేరుతో సేవ్ చేసుకుంటారు, వేరేవాళ్ళు ఎత్తితే నేను ఎవరినని చెప్పాలి, ఒకవేళ పక్కన మనుషులుంటే వాళ్ళు నాకు ఏ మాటతో తెలియజేస్తారు. ఒకావిడ "చీరల బాకీ రేపిస్తా" అంటుంది, అంటే ఇప్పుడు మాట్లాడలేనని. సాకు వాళ్ళ బతుకులో ఇమిడేదై ఉండాలి. కుట్టు మిషన్ దగ్గర పరిచయం, చీటీ అక్క, పాత కూలి మేస్త్రీ, ఏదైనా సరే. ప్రభుత్వ ఉద్యోగినని మాత్రం చెప్పొద్దు. పింఛను కోసమో ఇంటి స్థలం కోసమో ఊరంతా మీ వెంటపడుతుంది.

ట్రూకాలర్ ఒక పెద్ద తలనొప్పి. నలుగురు మిమ్మల్ని "ఏఆర్‌టీ మేడం" అని సేవ్ చేసుకుంటే, మీరు ఎవరికి ఫోన్ చేసినా అక్కడ అదే పేరు పడొచ్చు. మీ నంబర్‌కి ఏం పేరు చూపిస్తుందో నెలకోసారి వేరే ఫోన్‌లోంచి చూసుకుని, అవసరమైతే మార్చుకోండి. వాట్సాప్ గ్రూపులు పెట్టొద్దు. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఒకే ఊరివాళ్ళు ఇద్దరున్నా రహస్యం పోయినట్టే. మీటింగు తేదీ లాంటిది చెప్పాలంటే విడివిడిగా పంపండి. ఆ మెసేజిలో కూడా "మందులు", "సెంటర్" అన్న మాటలు రాయొద్దు. "గురువారం కలుద్దాం" చాలు.

నాలుగో అడుగు: మొదటి మూడు నెలల మాత్రలు

ఇప్పుడు మన దగ్గర కొత్తవాళ్ళకి ఎక్కువగా ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ మూడూ కలిపిన ఒక్క మాత్ర, రోజుకోసారి. మందు మార్చడం, ఆపడం డాక్టరు పని. మన పని ఆ మాత్రని వాళ్ళ దినచర్యలో ఒకచోట కట్టేయడం. "రోజూ ఎనిమిదింటికి వేసుకోండి" అంటే కూలికి వెళ్ళే మనిషికి గుర్తుండదు. "పొద్దున టీ గ్లాసు కింద పెట్టాక", "రాత్రి తలుపు గడియ వేసే ముందు" అంటే గుర్తుంటుంది. ఆ గుర్తు ఏమిటో వాళ్ళనే చెప్పమనండి.

సీసా ఎక్కడ పెడతారో అడగండి. ఈ ప్రశ్న ఎవరూ అడగరు, చాలామంది మందులు మానేయడం ఇక్కడే మొదలవుతుంది. కొత్త సీసాలో ముప్పై మాత్రలు గలగలమంటాయి. పైన కాస్త దూది పెడితే చప్పుడుండదు. లేబుల్ చించి పొయ్యిలో వేసేవాళ్ళున్నారు, బీకాంప్లెక్స్ సీసాలోకి మార్చుకునేవాళ్ళున్నారు. మార్చుకుంటే తేమ పీల్చే ఆ చిన్న పొట్లం కూడా అందులో వేయాలని చెప్పండి. పిల్లలకి అందకూడదు. బియ్యం డబ్బా అడుగున దాచుకున్న ఒకావిడ, ఇంట్లో చుట్టాలున్న నాలుగు రోజులూ డబ్బా దగ్గరకి వెళ్ళే వీల్లేక మాత్రలు వేసుకోలేదు. దాచే చోటు ఒకటి కాదు, రెండుండాలి. పెళ్ళికో తిరునాళ్ళకో వెళ్ళేటప్పుడు నాలుగు మాత్రలు పర్సులో ఏ పొట్లంలో తీసుకెళ్తారో కూడా ముందే అనుకోండి.

ఒక డోసు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోమనండి. రెండు మాత్రలు ఒకేసారి మాత్రం వద్దు. నెలకి ముప్పై మాత్రల్లో ఒకటికి మించి తప్పిపోకుండా చూడాలి. మిగిలిన మాత్రలు సెంటర్లో లెక్కపెడతారని భయపడి దార్లో కాలవలో పారేసేవాళ్ళని చూశాను. "తప్పిపోతే తప్పిపోయిందని చెప్పండి, తిట్టకుండా నేను పక్కనుంటాను" అని మాటివ్వండి. ఇచ్చాక నిలబెట్టుకోండి.

పీర్‌కి తెలిసి ఉండాల్సిన మందుల సంగతులు కొన్నున్నాయి. కడుపులో మంటకి వేసుకునే జెలుసిల్, డైజీన్ లాంటివి డోల్యుటెగ్రావిర్‌ని ఒంటికి పట్టనివ్వవు. మాత్ర వేసుకున్నాక రెండు గంటలు ఆగి ఇవి వేసుకోవచ్చు. ఇవి ముందు వేసుకుంటే మాత్రకి ఆరు గంటలు ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకీ ఇదే లెక్క, అయితే అన్నంతో కలిపి వేసుకుంటే రెండూ ఒకేసారి పనికొస్తాయి. గర్భిణులకి ఇది ప్రత్యేకంగా చెప్పండి, ఎందుకంటే వాళ్ళకి ఐరన్ మాత్రలు ఇచ్చేది వేరే చోట, వేరే మనుషులు. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఏఆర్‌టీ డాక్టరుకి చెప్పించండి, దాని డోసు చూసుకోవాల్సి ఉంటుంది. టీబీకి రిఫాంపిసిన్ ఉన్న మందులు మొదలైతే డోల్యుటెగ్రావిర్ పన్నెండు గంటల తేడాతో రోజుకి రెండోసారి కూడా ఇస్తారు. ఆ రెండో మాత్ర ఎందుకో అర్థంకాక పక్కన పడేసేవాళ్ళు ఎక్కువ. ఎక్కడైనా ఆస్పత్రికి వెళ్తే గ్రీన్ బుక్ (ఏఆర్‌టీ సెంటర్లో ఇచ్చే వైద్య పుస్తకం) డాక్టరుకి చూపించమనండి.

ఒక విషయం మొదటి రోజే చెప్పాల్సింది కాదు, మొదటి నెలలో తప్పక చెప్పాలి. సీడీ4 బాగా పడిపోయి మందులు మొదలుపెట్టినవాళ్ళకి, ఒంట్లో శక్తి తిరిగి వస్తున్నప్పుడు అప్పటిదాకా దాగి ఉన్న టీబీ లాంటివి ఒక్కసారిగా బయటపడొచ్చు. జ్వరం, గడ్డలు వస్తాయి. "మందు పడలేదు, వేసుకున్నాకే ఎక్కువైంది" అని మానేస్తారు. అలా జరగొచ్చని ముందే తెలిసిన మనిషి మానేయడు, ఫోన్ చేస్తాడు.

దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు చెమటలు. మనిషిని కలిసిన ప్రతిసారీ ఈ నాలుగూ అడగండి. ఏ ఒక్కటున్నా టీబీ పరీక్షకి పంపండి. తీవ్రమైన తలనొప్పితో వాంతులు, ఆయాసం, మింగలేకపోవడం, చూపు మసకబారడం, లేచి నడవలేకపోవడం ఇవి ఓదార్చే సందర్భాలు కావు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. ఆటో మాట్లాడండి, వెంట వెళ్ళండి.

ఆరు నెలలకి మొదటి వైరల్ లోడ్ పరీక్ష వస్తుంది. మళ్ళీ ఏడాదికి, తర్వాత ఏటేటా. పరీక్షలో వైరస్ కనబడని స్థాయికి చేరి అలాగే నిలబడితే, కలయిక ద్వారా భాగస్వామికి అది సోకదు. ఇంగ్లీషులో దీన్ని యు ఈక్వల్స్ యు అంటారు. తెలుగులో నేను "రిపోర్టులో కనబడకపోతే, పడకలో అంటదు" అంటాను. మందులు ఎందుకు వేసుకోవాలో అర్థంకాని కుర్రాళ్ళకి ఎక్కిన మాట ఇదొక్కటే. ఇది కలయిక గురించే సుమా. తల్లిపాలకీ, సూదులకీ ఈ మాట అలాగే వర్తించదు.

ఐదో అడుగు: రానివాళ్ళ కోసం వెళ్ళడం

సెంటర్ నుంచి మీకొక లిస్టు వస్తుంది, మందులకి రానివాళ్ళ పేర్లతో. ఈ పనిలో సగం అదే.

వెళ్ళేముందు ఆ మనిషి ఇంటికి రావడానికి ఒప్పుకున్నారో లేదో రికార్డులో చూడండి. ఒప్పుకోకపోతే ఫోన్‌తోనే ఆగాలి. ఒప్పుకున్నా సరే, మెడలో ఐడీ కార్డు తీసి సంచిలో పెట్టండి. సంస్థ పేరున్న సంచి, టీషర్టు వద్దు. లిస్టు కాగితం జేబులో పెట్టుకుని వీధిలో తీసి చూడొద్దు. బజ్జీల బండి దగ్గర ఇల్లు ఎక్కడని అడిగేటప్పుడు ఆ ఇంటి పేరు కాకుండా పక్కింటి గుర్తు అడగండి. "ఎవరమ్మా మీరు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఫోన్ ఒప్పందంలో అనుకున్న సాకే ఇక్కడా చెప్పండి. ఇంట్లో వేరేవాళ్ళుంటే మంచినీళ్ళు తాగి, చీటీ సంగతి మాట్లాడి వచ్చేయండి. మీరు వచ్చారన్న కబురు చేరితే చాలు, చాలామంది మర్నాడు వాళ్ళే ఫోన్ చేస్తారు.

మనిషి దొరికాక "ఎందుకు మానేశారు?" అనొద్దు. అది టీచరు బెత్తంలా వినబడుతుంది. "చివరి సీసా ఎప్పుడయిపోయింది?" అనండి. అక్కణ్ణుంచి కథ దానంతటదే వస్తుంది. నేను విన్న కారణాల్లో జబ్బుకి సంబంధించినవి తక్కువ. ఒక రోజు కూలి పోవడం, దానిమీద బస్సు ఛార్జీ. మిరపకోతలకో, హైదరాబాదులో బిల్డింగు పనికో వెళ్ళిపోవడం. తాగుడు. సెంటర్లో ఎవరో కసురుకోవడం. అదే సెంటర్లో తమ ఊరివాళ్ళు కనబడటం. ఒంట్లో బాగానే ఉందనిపించడం. ప్రార్థనతో తగ్గిందని ఎవరో చెప్పడం.

ప్రతి కారణానికీ పరిష్కారం వేరు. వలస వెళ్ళేవాళ్ళకి ట్రాన్స్‌ఫర్ కాగితం ఇప్పించి, వెళ్ళే ఊళ్ళో సెంటర్ ఎక్కడుందో చూపించండి. మందులు నిలకడగా వాడుతున్నవాళ్ళకి ఒకేసారి ఎక్కువ నెలల మందులు ఇచ్చే వీలుంది, లేదా దగ్గర్లో మందులిచ్చే చిన్న కేంద్రానికి, అంటే లింక్ ఏఆర్‌టీ సెంటర్‌కి మార్చొచ్చు. అడిగి చూడండి. ఊరివాళ్ళ భయం ఉంటే వేరే సెంటర్ అడగండి. ప్రార్థన గురించి వాదించొద్దు. "ప్రార్థనా చేసుకోండి, మాత్రా వేసుకోండి, దేవుడేం వద్దనడు కదా" అంటే చాలావరకు సరిపోతుంది. ఎయిడ్స్‌ని పూర్తిగా నయం చేస్తానని నాటుమందు అమ్మేవాడి దగ్గర మాత్రం నేను మెత్తగా ఉండను. అలా చెప్పి మందు అమ్మడం మన దేశంలో చట్టవిరుద్ధం. వేలకి వేలు పోసి సీడీ4 పాతాళానికి చేరాక తిరిగొచ్చినవాళ్ళని మోసుకెళ్ళాను.

కొన్ని నెలలు మానేసినవాళ్ళు ఇంట్లో మిగిలిన పాత మాత్రలతో సొంతంగా మళ్ళీ మొదలుపెట్టకూడదు. సెంటర్‌కి వెళ్ళి డాక్టరు చూశాకే. ఆ తిరిగొచ్చే రోజు మీరు పక్కన ఉండండి. ముందురోజే కౌన్సిలర్‌కి చెప్పి పెట్టుకోండి, రేపు ఫలానా ఆయన వస్తున్నారు, తిట్టొద్దని. ఒక్కసారి తిట్టు తిని వెళ్ళిపోయిన మనిషిని మళ్ళీ పట్టుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

ఆరో అడుగు: ఇంట్లో చెప్పడం

ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అనేది వాళ్ళ నిర్ణయం. తొందరపెట్టొద్దు. జీవిత భాగస్వామి విషయంలో మాత్రం వాయిదా వేసేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అయినా మీరు వెళ్ళి చెప్పేయకూడదు. 2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఒక మనిషి అనుమతి లేకుండా వాళ్ళ సంగతి బయటపెట్టకూడదు. భాగస్వామికి తెలియజేసే వీలు కూడా డాక్టరుకో కౌన్సిలర్‌కో మాత్రమే ఉంది, అదీ ముందు ఆ మనిషికి నచ్చజెప్పి, వాళ్ళు చెప్పేలా లేరని తేలాక, చెప్పబోతున్నామని వాళ్ళకి తెలిపాక. ఆడమనిషిని కొడతారనో, ఇంట్లోంచి గెంటేస్తారనో భయం ఉన్నచోట చట్టం అందుకూ అడ్డు చెబుతుంది. పీర్‌కి ఆ అధికారం ఏ దశలోనూ లేదు. మనం చేయగలిగింది రిహార్సలు. "మీ ఆయనగా నేను కూర్చుంటా, చెప్పండి" అని ఖాళీ గదిలో రెండుసార్లు చెప్పించండి. మొదటి వాక్యం కుదిరితే మిగతాది నడుస్తుంది. చెప్పిన రాత్రి ఏదైనా గొడవైతే ఎవరింటికి వెళ్ళాలో ముందే అనుకోవాలి.

పిల్లల్లో పాజిటివ్ ఉంటే, ఆరేడేళ్ళ నుంచే కొంచెం కొంచెంగా చెప్పడం మంచిది. ముందు "రక్తంలో పురుగుని నిద్రపుచ్చే మందు" అని, జబ్బు పేరు తర్వాత. పేరు ముందుగా బడిలోనో గొడవలోనో తెలిస్తే ఆ కోపం తల్లిమీదకీ, మాత్రలమీదకీ పోతుంది. పదిహేను, పదహారేళ్ళ పిల్లలకి నాలాంటి నడివయసు మనిషి పీర్ కాదు. వాళ్ళ ఈడువాళ్ళనే వెతకండి. నేను ఎంత బాగా మాట్లాడినా వాళ్ళకి నేనొక ఆంటీనే.

ఏడో అడుగు: ఆస్పత్రి, ఉద్యోగం, పింఛను

ఆపరేషన్‌కి ముందు పాజిటివ్ అని తెలిసి "ఇక్కడ కుదరదు, పెద్దాస్పత్రికి వెళ్ళండి" అనడం ఇప్పటికీ ఉంది. చట్టం ప్రకారం అది వివక్ష. ఉద్యోగానికో, బడిలో చేర్చుకోవడానికో పరీక్ష చేయించుకోమనడమూ కుదరదు. ఇంట్లోంచి గెంటేసినా, పాజిటివ్ మనిషికి ఉమ్మడిగా ఉంటున్న ఇంట్లో ఉండే హక్కుంది. ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే అధికారి, రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు ఇస్తే ముప్పై రోజుల్లో, వైద్యం అత్యవసరమైతే వీలైనంతవరకు 24 గంటల్లో తేల్చాలి. కేసు కోర్టుదాకా వెళ్తే అసలు పేరు బయటికి రాకుండా వేరే పేరుతో నడిపించమని కోరొచ్చు.

ఇదంతా చేతిలో పెట్టుకుని, ముందు మెత్తగా వెళ్ళండి. మంచంమీద మనిషి నొప్పితో ఉన్నప్పుడు చట్టం చదివితే డాక్టరు గట్టిపడతాడు. నేను ఏఆర్‌టీ డాక్టరు చేత ఫోన్ చేయిస్తాను. పదిలో ఎన్నో అక్కడే తేలిపోతాయి. తేలనివి రాతపూర్వకంగా పెట్టండి. తిరస్కరించిన మాటని తేదీతో, సమయంతో ఆ రోజే రాసి పెట్టుకోండి.

ఏఆర్‌టీ వాడుతున్నవాళ్ళకి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పింఛను ఉంది. దరఖాస్తు పెట్టేముందు ఆ డబ్బు ఏ దారిన వస్తుందో, ఏ పేరుమీద కనబడుతుందో, ఎవరెవరి చేతుల మీదుగా పోతుందో కనుక్కుని మనిషికి చెప్పండి. పింఛను వద్దు, గుట్టు చాలు అనేవాళ్ళుంటారు. అది కూడా వాళ్ళ లెక్కే.

ఎనిమిదో అడుగు: మీ హద్దు, మీ ఒళ్ళు

చావు మాట ఎవరైనా ఎత్తితే మాట మార్చొద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించారా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన వస్తుందనేది అపోహ. పురుగుమందు ఇంట్లో ఉందంటే దాన్ని తీయించండి, ఆ రాత్రి ఒంటరిగా ఉంచొద్దు, కౌన్సిలర్‌కి చెప్పండి. మానసిక సాయానికి టెలీ మానస్ నంబరు 14416, ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097, ఈ రెండూ కంఠతా ఉండాలి.

డబ్బు అప్పు ఇవ్వొద్దు, తీసుకోవద్దు. నేను ఇచ్చాను. తీర్చలేక సిగ్గుపడి సెంటర్‌కే రావడం మానేశాడు ఆ అబ్బాయి. రాత్రి ఎనిమిది దాటాక అత్యవసరమైతే తప్ప ఫోన్ ఎత్తనని మొదటి రోజే చెప్పండి. ఊళ్ళు తిరిగే పనిలో మన మాత్ర మనమే మరిచిపోతాం. ఇది జోక్ కాదు, మా టీమ్‌లో ఇద్దరికి వైరల్ లోడ్ పెరిగింది.

పాత పీర్లు ఇంకో రకం పని చేశారు. 2004 ఏప్రిల్ 1న దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలయ్యేదాకా వాళ్ళకి ఇవ్వడానికి మందే లేదు. వెంట కూర్చోవడం, పోయాక మోయడం, అంతే. వాళ్ళలో ఎవరైనా మీ జిల్లాలో ఉంటే నెలకోసారి వెళ్ళి కూర్చోండి. ఏ ట్రైనింగూ అంత నేర్పదు. "ఎయిడ్స్ రోగి", "బాధితుడు" అనే మాటలు వాడితే ఎందుకు వాళ్ళకి అంత కోపమో కూడా అప్పుడు తెలుస్తుంది. 1983లో అమెరికాలోని డెన్వర్‌లో పాజిటివ్ వాళ్ళు కూర్చుని రాసుకున్న ప్రకటనలో మొదటి అభ్యంతరం కూడా "బాధితుడు" అన్న మాటమీదే.

నోటుబుక్కు, అప్పగింత

పూర్తి పేర్లు రాయొద్దు. మీకు మాత్రమే తెలిసే గుర్తు, కలిసిన తేదీ, తర్వాత చేయాల్సిన పని, అంతే. ఆ పుస్తకం బస్సులో మర్చిపోతే ఎవరికీ ఏమీ అర్థం కాకూడదు. ఫోన్‌కి లాక్ ఉండాలి. గ్రీన్ బుక్ ఫొటోలు గ్యాలరీలో ఉంచుకోవద్దు. పిల్లలు గేమ్ ఆడుకుంటూ తెరుస్తారు.

పని మానేసే రోజు వస్తుంది, ప్రాజెక్టు ఆగిపోవచ్చు, మీకే విసుగు రావచ్చు. అప్పుడు లిస్టు కొత్త మనిషి చేతిలో పెట్టి వెళ్ళిపోవద్దు. "నా బదులు ఫలానా చెల్లి వస్తుంది, రానివ్వమంటారా?" అని ఒక్కొక్కరినీ అడగండి. సరేనన్నవాళ్ళ దగ్గరకి వెంట తీసుకెళ్ళి కలపండి, ఫోన్ సాకుతో సహా అప్పగించండి. వద్దన్నవాళ్ళ సంగతి కౌన్సిలర్‌కి చెప్పండి. అందరి నంబర్లూ ఫోన్‌లోంచి తీసేసి, నోటుబుక్కు పొయ్యిలో వేయండి. దాని తర్వాత బజార్లో వాళ్ళెవరైనా కనిపిస్తే వాళ్ళు పలకరించేదాకా మీరు పలకరించొద్దు.